ఆ మూల రెండు పంక్తులు

నా కంప్యూటర్ తెర మీద కుడివైపు కింద, గడియారం అంకెలకు కాస్త పైన, రెండు పంక్తులున్నాయి. పై పంక్తి కొంచెం పెద్ద అక్షరాలు, కిందిది చిన్నవి. ‘యాక్టివేట్ విండోస్’ అని మొదటిది. సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆ పని చేసుకోమని రెండోది. రంగు బూడిద. పొయ్యిలో బూడిద కాదు, పుష్య మాసంలో తెల్లవారుజామున గోదావరి మీద పరుచుకునే మంచు ఉంటుందే, ఆ రంగు. వెనక ఉన్నది కనబడుతూనే ఉంటుంది, కాని కాస్త మసగ్గా. ఏ ఫైలు తెరిచినా, ఏ బొమ్మ చూసినా ఆ రెండు పంక్తులూ దాని పైకి వచ్చి నిలబడతాయి. మౌసు బాణం వాటి మీద పెట్టి నొక్కితే దెబ్బ వాటికి తగలదు, వాటి కిందున్నదానికి తగులుతుంది. పట్టుకుని పక్కకు జరపలేను, మూయలేను. రోజుకి ఆరేడు గంటలు ఈ తెర ముందు కూర్చుని ఎవరెవరి పుస్తకాలకో ప్రూఫులు దిద్దుతుంటాను. పేజీ కింది కొసన నాలుగైదు మాటలు ఆ మంచులోకి వెళ్లిపోతాయి. అక్కడ ‘ద’ ఉందా ‘ధ’ ఉందా అని అనుమానం వస్తుంది. పేజీని పైకి జరుపుతాను, చూస్తాను, మళ్లీ కిందికి దించుతాను. ఇన్నిసార్లు జరపడంలో ఆ మూల నాకు అలవాటైపోవాలి కదా. మరి ఎందుకు కావడం లేదు?

అవి మొన్న వేసవిలో వచ్చాయి. సాయంత్రం ఈదురుగాలి, ఉరుములు, కరెంటు నాలుగుసార్లు పోయి నాలుగుసార్లు వచ్చింది. మరునాడు పొద్దున్న బటన్ నొక్కితే కంప్యూటర్‌లో చలనం లేదు. షాపు కుర్రాడొచ్చి మూత విప్పి, మదర్‌బోర్డు పోయిందండి అన్నాడు. హార్డ్ డిస్కు బతికే ఉంది, నా ఫైళ్లు బతికే ఉన్నాయి, ఆ మాటకే నేను దేవుడికి దండం పెట్టుకున్నాను. కొత్త బోర్డు వేశాడు. పాత పదో విండోస్‌కు 2025 అక్టోబరు 14తో కంపెనీవాళ్ల మామూలు మరమ్మతులు ఆగిపోయాయి కాబట్టి పదకొండోది ఎక్కించాడు. నీలం రంగు రేకుల పువ్వు తెర నిండా విచ్చుకుంది. బాగానే ఉంది కదా అనుకున్నాను. కొన్నాళ్ల తరువాత ఆ పువ్వు తీసేసి గోదావరి మీది మన హేవలాక్ వంతెన ఫొటో పెట్టుకుందామని వెళ్తే, ముందు యాక్టివేట్ చేసుకోండి, ఆ తరువాతే మీ ఇల్లు మీరు అలంకరించుకోండి అన్నట్టుగా దారి మూసేసి ఉంది. అప్పటికే మూలన ఆ రెండు పంక్తులూ వచ్చేశాయి. కుర్రాడికి ఫోన్ చేశాను. “అదాండీ మేడమ్‌గారూ, దానికి కంగారేం లేదండి. రెండు నిమిషాల పని, తీసేస్తానండి” అన్నాడు. రెండు నిమిషాలు. ఆ మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది. రెండు నిమిషాల్లో పోయేది అసలు ఎందుకొచ్చినట్టు?

అతను మంచివాడు, ఏది అడిగినా విసుక్కోకుండా చెబుతాడు. తీసేయడం రెండు రకాలట. ఒకటి, కేవలం ఆ అక్షరాలు కనబడకుండా చేయడం. లోపల పరిస్థితి ఎలా ఉన్నది అలాగే ఉంటుంది, గోడ మీద చెమ్మకి కేలండర్ తగిలించినట్టు. రెండోది, యాక్టివేట్ అయిపోయిందని విండోస్‌నే నమ్మించడం. ఇదెలాగని అడిగితే చెప్పింది విని చాలాసేపు ఆలోచించాను. పెద్ద పెద్ద ఆఫీసుల్లో ఒక్కొక్క కంప్యూటరూ కంపెనీని విడివిడిగా అడగనక్కర లేకుండా, ఆఫీసులోనే ఒక సర్వర్ పెట్టుకుంటారు. కనీసం ఇరవై అయిదు కంప్యూటర్లు ఉంటేనే అది వాటికి అనుమతి ఇస్తుంది. ఇచ్చిన అనుమతి 180 రోజులు, ఈలోగా యంత్రం మళ్లీ మళ్లీ వెళ్లి హాజరు వేయించుకుంటూ ఉండాలి. కుర్రాళ్ల దగ్గరుండే చిన్న ప్రోగ్రాం చేసేది ఏమిటంటే, నా ఒంటిగది ఇంట్లో అలాంటి ఆఫీసు ఒకటి ఉందని నటించడం. లేని ఆఫీసు, లేని ఇరవై అయిదు కంప్యూటర్లు, లేని సర్వర్. నా యంత్రం అమాయకంగా వెళ్లి ఆ లేని ఆఫీసులో హాజరు వేయించుకుని వస్తుందన్నమాట. “ఒక్కటేనండి, అది ఎక్కించేటప్పుడు యాంటీవైరస్ కాసేపు ఆపాలండి, లేకపోతే పట్టేసుకుంటదండి” అన్నాడు. కాపలావాణ్ణి నిద్రపుచ్చి లోపలికి తీసుకురావలసిన చుట్టం ఎలాంటివాడు? అలా వచ్చిన ప్రోగ్రాంల వెంట ఏమేం వస్తాయో, డబ్బు కాజేసేవాళ్లకి అవి ఎంత అనువైన దారో ఈమధ్య పేపర్లో కూడా చూస్తున్నాం. ఇవాళ్టికి ఉండనియ్యి బాబూ అన్నాను. ఉండనిచ్చాను.

ఆ రాత్రి బీరువాలో పాత కాగితాల కట్ట విప్పాను. నేను డబ్బు పెట్టి కొన్న కంప్యూటరే కదా, విండోస్ డబ్బూ అందులోనే ఇచ్చి ఉంటాను, బోర్డు మారినంత మాత్రాన నా హక్కు ఎలా పోతుందని నా వాదన. కొత్త యంత్రంతో కలిపి ఇచ్చే లైసెన్సు మామూలుగా ఆ బోర్డుకే ముడిపడి ఉంటుందని, బోర్డు పోతే దానితోపాటే పోతుందని అప్పటికి నాకు తెలియదు. విడిగా కొనుక్కున్నదైతే మరో యంత్రానికి మార్చుకోవచ్చట. సరే, బిల్లు దొరికింది. క్యాబినెట్, బోర్డు, ప్రాసెసర్, ర్యామ్, హార్డ్ డిస్కు, మానిటర్, కీబోర్డు, మౌసు, యూపీఎస్. ప్రతిదానికీ ఎదురుగా ధర ఉంది. మౌసు కింద వేసుకునే రబ్బరు ముక్క కూడా ఉంది, దాని ఎదురుగా ఉచితం అని రాసి ఉంది. విండోస్ అన్న మాట ఎక్కడా లేదు. వెనక్కి తిప్పి చూశాను, అక్కడా లేదు. అంటే ఇన్నేళ్లూ నా తెర మూల ఏ మచ్చా లేకుండా శుభ్రంగా ఉన్నదే, అది ఆ లేని ఆఫీసు చలవే. నాకు చెప్పకుండానే ఎవరో ఆ రెండు నిమిషాల పని ఎప్పుడో చేసేశారు. నేను అడగలేదు కూడా. పిడుగుపాటుకి బోర్డు పోబట్టి పాత నటన చెదిరింది. ఇన్నాళ్లూ శుభ్రమనుకున్న తెర అబద్ధం చెబుతూ వచ్చింది, మచ్చపడ్డ ఈ తెర నిజం చెబుతోంది. ఇది తోచాక ఇక ఆ పంక్తుల మీద కోపం తెచ్చుకోవడం నా వల్ల కాలేదు.

ఆ బిల్లు చూస్తుంటే ఒక పాత ఉత్తరం గుర్తొచ్చింది. ఈ విండోస్ కంపెనీ పెట్టినవాళ్లలో ఒకడైన బిల్ గేట్స్ 1976 ఫిబ్రవరి 3న రాసినది. అప్పటికి అతనికి ఇరవయ్యేళ్లు. ఆల్టెయిర్ అనే చిన్న కంప్యూటర్ కోసం అతనూ మిత్రులూ బేసిక్ భాషను తయారుచేశారు. కంప్యూటర్ అభిరుచి ఉన్నవాళ్లంతా దాన్ని రంధ్రాల కాగితపు టేపు మీద నకలు తీసుకుని ఒకరికొకరు పంచిపెట్టుకున్నారు. ఆ పని కోసం వాడుకున్న కంప్యూటర్ సమయం విలువే 40,000 డాలర్లు దాటిందని, వస్తువుకు డబ్బివ్వాలని ఒప్పుకునేవాళ్లే సాఫ్ట్‌వేర్‌ని మాత్రం పంచుకునే సరుకుగా చూస్తున్నారని అతని బాధ. చాలామందికి ఆ ఉత్తరం మీద కోపమొచ్చింది, ఇప్పటికీ ఉంది. నాకూ చదివినప్పుడు కటువుగానే అనిపించింది. కాని నా చేతిలో ఉన్న బిల్లు అక్షరాలా అతను చెప్పిన బిల్లే. ఇనుముకు, ప్లాస్టిక్కుకు, రాగి తీగకు రూపాయలు. తలకు ఏమీ లేదు. యాభై ఏళ్ల కిందట, ఎక్కడో అమెరికాలో రాసిన మాట గోదావరి ఒడ్డున నా బీరువాలోని కాగితం మీద నిజమై కూర్చుంది.

తెర మూల ఉన్న ఈ రాతని వాటర్‌మార్క్ అంటున్నారు. ఆ పేరు దీనికి తగునా అని నాకు సందేహం. మా ఊళ్లో పేపర్ మిల్లు ఉంది, గాలి ఇటు తిరిగినప్పుడు ఉడికిన గుజ్జు వాసన ఇంట్లోకి వచ్చేది చిన్నప్పుడు. మా నాన్నగారు బాండ్ కాగితం కొంటే కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతురుకి ఎత్తి చూసేవారు. కాగితం పొట్టలో పలచగా మిల్లు పేరు కనబడేది. అదుంటే మంచి కాగితం. ఈ విద్య ఇటలీలో ఫాబ్రియానో అనే ఊళ్లో పుట్టిందంటారు, 1282 నాటిది. గుజ్జును వడకట్టే జల్లెడకి సన్నటి తీగను బొమ్మలా వంచి కుడితే, ఆ తీగ ఉన్నచోట కాగితం పలచబడి వెలుగును ఎక్కువ పోనిస్తుంది. మన కరెన్సీ నోట్లలో 1996కి ముందు అశోక స్తంభం సింహాలుండేవి, తరువాత గాంధీగారు వచ్చారు. కూరల దగ్గర ముసలమ్మ కూడా అయిదు వందల నోటును ఎండకి ఎత్తి ఆయన ఉన్నాడో లేడో చూసుకునే పైటకొంగులో ముడేస్తుంది. అక్కడ ఆ గుర్తు ఉంటేనే అసలు, లేకపోతే నకిలీ. పైగా అది మామూలుగా కనబడదు, వెతికితే కనబడుతుంది. నా తెర మీదిది దానికి పూర్తిగా ఎదురు. ఉండడమే లోటు. వెతకనక్కర లేకుండా, వద్దన్నా కనబడుతుంది.

ఆ కంపెనీ మాట తీరు మాత్రం కాలక్రమాన మెత్తబడింది, అది గమనించాను. 2006 ప్రాంతంలో ఎక్స్‌పీ తెర మీద, మీరు నకిలీ సరుకు బారినపడి ఉండొచ్చు అని జాలి చూపిస్తున్నట్టు వచ్చేది. 2007లో విస్టా వచ్చినప్పుడు లైసెన్సు లేనివాళ్లకి పని దాదాపు ఆపేసేది, మరుసటేడు దాన్ని సడలించుకున్నారు. ఏడో విండోస్‌లో తెర నల్లబడిపోయి, ఈ ప్రతి అసలుది కాదు అని మూల నుంచి నిలదీసేది. ఎదురింట్లో వాళ్లు వచ్చి చూస్తే తలవంపులు. ఇప్పటి ఈ రెండు పంక్తుల్లో నింద లేదు, నువ్వు దొంగవు అనడం లేదు. ఒక పని మిగిలిపోయింది, చేసుకోమంటున్నాయి. పని కూడా ఆపడం లేదు. రాసుకో, దిద్దుకో, ఉత్తరాలు పంపుకో, గోడకి బొమ్మ మాత్రం మార్చుకోవద్దు. అరువు రాసిచ్చిన కిరాణా కొట్టు శెట్టిగారు ఎదురుపడి, ఏమీ అడగకుండా నమస్కారం పెట్టి వెళ్లిపోతే ఎలా ఉంటుంది? గట్టిగా అడిగేవాడి దగ్గర నిలబడడం కంటే అది కష్టం నాకు.

విండోస్‌తో నాకున్న లెక్క డబ్బు లెక్క ఒక్కటే అయితే ఇంత ఆలోచన ఉండేది కాదు. 2005 ప్రాంతంలో, నేనింకా బడిలో తెలుగు చెబుతున్న రోజుల్లో, మొదటిసారి తెర మీద అసలైన తెలుగు చూశాను. అంతకుముందు చూసినదంతా డీటీపీ సెంటర్లలో, ఆ ఫాంటు ఉన్న యంత్రంలో తప్ప మరెక్కడా చదవడానికి కుదరని తెలుగు. ఆ రోజు మా వీధి నెట్ సెంటర్లో ఒక తెలుగు పేజీ తెరిస్తే అంతా డబ్బాలు డబ్బాలుగా వచ్చింది. నెట్ సెంటర్ కుర్రాడు ఎక్స్‌పీలో ఎక్కడికో లోపలికి వెళ్లి ఒక గడిలో టిక్కు పెట్టాడు. అది విండోస్ సీడీ అడిగింది. మన లిపి మొదటి నుంచీ అందులో లేదు, సీడీ పెడితే ఎక్కుతుంది. అతను సొరుగులోంచి ఒక సీడీ తీశాడు, దాని మీద నల్ల మార్కరుతో ఇరవై అయిదు అక్షరాలు, అయిదేసి చొప్పున అయిదు గుంపులు, చేత్తో రాసి ఉన్నాయి. ఊళ్లో సగం కంప్యూటర్లకి అదే తాళం అని తరువాత తెలిసింది. పెద్ద సంస్థల కోసం చేసిన ఎక్స్‌పీ ప్రతి యాక్టివేషన్ అడిగేది కాదు, దాని తాళం ఒకటి బయటికి పొక్కి దేశదేశాలు తిరిగింది. ఆ సీడీ లోపల గిర్రున తిరిగింది, కంప్యూటర్ మళ్లీ మొదలైంది, డబ్బాలన్నీ పోయి అక్షరాలొచ్చాయి. ‘స్త్రీ’ ఒక్క ముద్దగా, విడిపోకుండా కనబడింది. ఒక్క అక్షరం కోసం ఇంత ఉద్వేగమా అంటే, ఆ రోజుల్లో ‘స్త్రీ’ ముక్కలు కాకుండా కనబడడం ఏమిటో చూసినవాళ్లకే తెలుస్తుంది. ఫాంట్ల జాబితాలో ఆ ఫాంటు పేరు చదివాను. గౌతమి. మా ఏటి పేరు. ఎవరో, ఎక్కడో, ఈ లిపి ఒంపుల్ని కొలిచి, గుడి ఎక్కడ ఆనాలో, ఒత్తు ఎంత దిగాలో తేల్చి, చివర మా నది పేరు పెట్టారు. కళ్లమ్మట నీళ్లొచ్చాయి నాకు. ఆ నీళ్లు నిజమైనవి. ఆ సీడీ మాత్రం దొంగది. ఈ రెంటినీ విడదీసి చూడాలని నాకు ఇరవయ్యేళ్లపాటు తోచనే లేదు.

అందరూ డబ్బుకే ఇచ్చారా అంటే లేదు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు పోతన, వేమన అని రెండు ఫాంట్లు చేసి ఉచితంగా ఇచ్చారు. భాగవతాన్ని రాజుకి అంకితమివ్వనన్న కవి పేరు, ఊరికే ఇస్తున్న అక్షరాలకి. ఆ పేరు ఎంపిక యాదృచ్ఛికమని నేననుకోను. 1983లో రిచర్డ్ స్టాల్మన్ మొదలుపెట్టిన గ్నూ, 1991లో హెల్సింకీ విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ తెచ్చిన లినక్స్, వాటిని తెలుగులోకి దించడానికి హైదరాబాదు స్వేచ్ఛ వంటి బృందాల్లో కూర్చుని మెనూల్లో ఒక్కొక్క మాటకీ తెలుగు వెతికిన కుర్రాళ్లు. ఇది మరో లోకం. అక్కడ ఈ రెండు పంక్తులు రావు, ఎందుకంటే రావలసిన పని లేదు. అయినా అక్కడ కూడా లైసెన్సు ఉంది. నీకు ఎలా ఇచ్చామో, నువ్వు ఇంకొకరికిచ్చేటప్పుడు అలాగే ఇవ్వు అని అందులో మాట తీసుకుంటారు. మాట లేని ఉచితం అక్కడా లేదు. నా పాత లాప్‌టాప్‌లో లినక్స్ వేయించుకున్నాను, ఉత్తరాలకీ చదువుకోవడానికీ హాయిగా ఉంది. పూర్తిగా అటే ఎందుకు మారలేదంటే, నాకొచ్చే పుస్తకాలు సగం ఇంకా పేజ్‌మేకర్‌లో, యూనికోడ్ కాని పాత ఫాంట్లలో వస్తాయి. అవి అక్కడ తెరుచుకోవు. ఇది సాకా? కొంత సాకే. కొంత మాత్రం నా అన్నం.

ఇక్కడే ఆగిపోయేదాన్నేమో, మరో సంగతి జరక్కపోతే. మూడేళ్ల కిందట నా అనువాదం ఒకటి పుస్తకంగా వచ్చింది. అయిదు వందల ప్రతులు, సొంత డబ్బు. రెండు వందలు అమ్మాను, నూట యాభై పంచాను, మిగిలినవి మంచం కింద అట్టపెట్టెల్లో ఉన్నాయి. ఈమధ్య ఒక వాట్సాప్ బృందంలో ఆ పుస్తకం పీడీఎఫ్ వచ్చింది. పంపినావిడ అమెరికాలో ఉంటారు, నేనెవరో తెలియదు, చాలా బాగుంది, అందరూ చదవండని రాశారు. తెరిచాను. అట్ట, తరువాత తెల్ల కాగితం, దాని మీద చేతిరాత. నా చేతిరాతే. ‘ఆత్మీయులకు, అభిమానంతో’ అని, కింద నా సంతకం, తారీకు. నేను ఎవరికో ప్రేమతో ఇచ్చిన ప్రతిని స్కాన్ చేశారు. ఆ పేజీ తీసేయాలని కూడా ఎవరికీ తోచలేదు. సంతోషం కలిగిందని ఒప్పుకోవాలి. పద్నాలుగు నెలలు ఒళ్లొంచి చేసిన పని ఎక్కడో డాలస్‌లోనో డెట్రాయిట్‌లోనో ఒకావిడ మధ్యాహ్నాన్ని నింపింది. మరునిమిషంలో గొంతులో ఏదో అడ్డుపడింది. మంచం కింది పెట్టెలు కళ్లముందు కదిలాయి. నన్ను ఒక్క మాట అడిగి ఉంటే నేనే పంపేదాన్ని కదా. అడగకపోవడం ఒక్కటే నొప్పి. డబ్బు అంత కాదు. అలా అనుకుంటూ పేజీలు తిప్పుతున్నాను. ప్రతి పేజీ కింద కుడివైపు మూల ఆ రెండు పంక్తులు నా అనువాదం మీదుగా, నా మాటలకు అడ్డంగా నిలబడి ఉన్నాయి.

లోకంలో అతి పెద్ద సంస్థల్లో ఒకటైన ఆ కంపెనీ, మంచం కింద పుస్తకాలు పెట్టుకున్న నేను ఒకటేనా? కాదు. ఆ పోలిక నాకే అతిగా ఉంది. వాళ్లకి నా సొమ్ము అందకపోతే ఎవరికీ పూట గడవకుండా పోదు. ఇంజనీరింగ్ చదివే పిల్లవాడికి, పంచాయతీ బడిలో పాత యంత్రం మీద పాఠం చెప్పే పంతులికి ఆ ధర ఎంత బరువో నాకు తెలుసు. వాళ్ల తెర మీద ఆ పంక్తులు కనిపిస్తే వేలెత్తి చూపించే స్థితిలో నేను లేను, చూపించను కూడా. ధర పెట్టినవాళ్లు మన జీతాల్ని చూసి పెట్టలేదన్నదీ నిజమే. ఇన్నీ ఒప్పుకున్నాక కూడా ఏదో మిగులుతోంది. అడగకపోవడం గురించి ఆవిడ మీద నాకు కలిగిన నొప్పి, కంపెనీ ఎంత పెద్దదైతే అంత తగ్గిపోయే రకం నొప్పి కాదు. అది మనిషికి సంబంధించినది. ఆ ఫాంటు ఒంపులు కొలిచిన మనిషి ఎవరో నాకు తెలియదు. ఆయనో ఆవిడో జీతం తీసుకునే చేసి ఉంటారు. అయినా.

మా ఇంట్లో ఒక ఇత్తడి గుండిగ ఉంది. మా పిన్ని పెళ్లికి ఎవరింటి నుంచో అరువు తెచ్చిన సామానులో ఒకటి. పెళ్లయ్యాక సామాను పంపేటప్పుడు అది ఎలా తప్పిపోయిందో, మా ఇంట్లో ఉండిపోయింది. అంచు కింద ఇంటిపేరు, పేరు కొట్టించి ఉన్నాయి. మన దగ్గర గిన్నె కొంటే ముందు పేరు వేయించాలి, తరువాతే ఇంటికి తేవాలి. షాపువాడు గుర్రుమనే మిషన్‌తో చుక్కలు చుక్కలుగా చెక్కుతుంటే చెవులు మూసుకుని చూసేవాళ్లం. గిన్నెలు ఊరంతా తిరుగుతాయి, పేరు ఉంటే ఇంటికొస్తాయి. ఆ గుండిగవాళ్లు అప్పటికే ఊరు విడిచి వెళ్లిపోయారు. కాకినాడ అన్నారొకరు, ఖరగ్‌పూర్ అన్నారొకరు, ఆ ఇంటాయనది రైల్వే ఉద్యోగం. మా అమ్మ ఆ గుండిగని వాడేది, వాడకుండా పక్కన పెట్టేంత సామాను మాకు లేదు. చింతపండు పెట్టి తోముతుంటే ఇత్తడి కంటే ముందు ఆ పేరే మెరిసేది. తోమేకొద్దీ చుక్కల్లో మట్టిపోయి అక్షరాలు ఇంకా తేటపడేవి. పొయ్యి మీద పెట్టినప్పుడు పేరును గోడవైపు తిప్పేది అమ్మ. ఎందుకు తిప్పేదో అప్పుడు నాకు అర్థం కాలేదు. ఓసారి పాత ఇత్తడికి స్టీలు ఇచ్చేవాడు వచ్చాడు. పేరున్న సామాను తీసుకుంటే గొడవలొస్తాయి, ఆకురాయి పెట్టి ఆ పేరు గీకించెయ్యండమ్మా, మంచి రేటు కడతాను అన్నాడు. మా అన్నయ్య సరేనన్నాడు కూడా. “పేరు గీకేస్తే గుండిగ మనదైపోద్దేంట్రా?” అంది అమ్మ. అంతే. దాన్ని తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

అమ్మ పోయి పదేళ్లు దాటింది. గుండిగ నా దగ్గర పెరట్లో, తులసికోట పక్కన ఉంది. వాన నీళ్లు పట్టడానికి తప్ప వాడను. పేరు అలాగే ఉంది. వాళ్ల పిల్లలు, మనవలు ఎక్కడున్నారో తెలుసుకునే దారి నాకు లేదు. ఈ రెండు పంక్తులవాళ్లు ఎక్కడున్నారో మాత్రం తెలుసు. ఆ మూలే చిరునామా చెబుతోంది, సెట్టింగ్స్‌లోకి వెళ్లమని.

కుర్రాణ్ణి మళ్లీ పిలిచి, డబ్బిచ్చి తీసుకుంటే ఎంతవుతుంది బాబూ అని అడిగాను. అతను తెల్లబోయాడు. ఇన్నేళ్ల వ్యాపారంలో ఇళ్లవాళ్లెవరూ ఆ మాట అడగలేదట. “నాకే తెలీదండి, చూసి చెబుతానండి” అని ఫోన్ తీసి వెతికాడు. బొమ్మ కింద ఉన్న అంకె చూపించాడు. నాలుగు పుస్తకాల ప్రూఫులకి వచ్చే డబ్బు. చాలా తక్కువ ధరకి తాళాలు అమ్మేవాళ్లూ కనబడ్డారు, అవి ఎక్కడివో అతనికే నమ్మకం లేదు. ఈలోగా పోనీ అక్షరాలు కనబడకుండానైనా చెయ్యమంటారా అండి, కళ్లకి ఇబ్బంది కదా అన్నాడు ఎంతో ఆప్యాయంగా. వద్దన్నాను. లెక్క తీరేదాకా అవి అక్కడే ఉంటాయి.

రెండు పుస్తకాలైపోయాయి. మూడోది ఒక రిటైర్డు తహసీల్దారు గారి జ్ఞాపకాలు, రెండు వందల పన్నెండు పేజీలు. పొద్దున్నుంచీ నలభై ఆరో పేజీ దగ్గరున్నాను. కింది పంక్తి చివర ‘అర్ధం’ అని ఉందో ‘అర్థం’ అని ఉందో ఆ మంచులో తెలియడం లేదు. పేజీని కొంచెం పైకి జరపాలి.